సుగ్గి సబ్బు

ఈలపీటను కాలికింద అదిమిపెట్టి మద్దమ్మ సబ్బుముక్కలు తరుగుతోంది. ఎండిన సబ్బు ఉల్లిగడ్డలా తెగదు, పెచ్చులుగా లేస్తుంది. ముక్కను బొటనవేలితో ఈలకు ఆనించి తోస్తే గోరంత పొర చుట్ట చుట్టుకుని కింద పరిచిన పాతచీర మీద రాలుతుంది. అలా రాలింది ఇప్పటికి చాటెడయింది. పొద్దు ఇంకా ఎదురింటి మిద్దె ఎక్కలేదు. చేతిలో వేగం ఉంది, ఛాతీలో లేదు. కాసేపు తరిగి, ముక్క పక్కన పెట్టి, రెండు చేతులూ నేలకు ఆనించి, నోరు తెరిచి గాలి లాక్కుంటుంది. లోపల పిల్లి గురక పెట్టినట్టు చప్పుడవుతుంది. అది తగ్గగానే మళ్లీ ముక్క అందుకుంటుంది.

బక్క మనిషి. ముక్కుపుడక ఎప్పుడో పోయింది, చిల్లు మూసుకుపోకుండా వేపపుల్ల గుచ్చుకుంది. మోచేతుల దాకా మచ్చలు. సబ్బులో వేసే కాస్టిక్ సోడా చిందినప్పుడల్లా ఒక మచ్చ పడింది. అరచేతులు మాత్రం ఆ ఊళ్లో ఏ ఆడమనిషికీ లేనంత మెత్తగా ఉంటాయి. ఆమెకు ఉన్న సిరి అదొక్కటే.

కోసిగి నుంచి ఆటోలో పోతే వచ్చే ఊరు. పేరుతో పనిలేదు, ఆ చుట్టుపక్కల ఏ ఊరైనా ఒకటే. వాన పడితే సేద్యం, పడకపోతే సుగ్గి. సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం, సంబరం. ఈ ఊళ్లల్లో సుగ్గి అంటే ఇంటికి తాళం వేసి, పిల్లల్ని చంకనేసుకుని, గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి పోవడం. సంబరం మాట వలస మాట ఎట్లా అయిందని ఎవరూ అడగలేదు. అడిగే తీరిక ఉన్నవాళ్లకు ఈ సుగ్గి తెలియదు. ఈ ఏడు పత్తి మొలకలోనే మాడింది. కాలువ తెస్తామని ఓట్లప్పుడు చెప్పినవాళ్లు మళ్లీ ఓట్లప్పుడే కనిపిస్తారు. పొద్దు వాలేలోపల కూలీలను తోలుకుపోయే మేస్త్రీ నాగరాజ్ బండి తెస్తాడు. సగం ఊరు ఎక్కుతుంది. మద్దమ్మ కొడుకు చిన్న ఈరన్న, కోడలు నాగలత, ఇంకా చనుపాలు మరవని మనవరాలు శివలీల కూడా ఎక్కుతారు.

బండి వచ్చేలోపల సబ్బు కావాలి. ఈరోజు పనంతా అదే.

మిరపకాయ తిన్నవాడికి తెలిసే మంట వేరు, కోసినదానికి తెలిసే మంట వేరు. పొద్దంతా కోస్తే కారం చర్మంలోకి దిగుతుంది. నీళ్లు పోస్తే పైకి పాకుతుంది. అంగడి సబ్బు నురుగు ఇస్తుంది, వాసన ఇస్తుంది, మంట తీయదు. తల గోక్కుంటే తల మండుతుంది, కన్ను నలుపుకుంటే కన్ను. పాలిచ్చే తల్లి సంగతి మద్దమ్మను అడగాలి.

ఈరన్నకు ముందు ఆమెకు ఒక ఆడపిల్ల. అత్త పేరే పెట్టారు, సిద్దమ్మ అని. మిరప చేను గట్టున చీర ఉయ్యాలలో పడుకోబెట్టేది. ఏడుపు వినపడితే పరిగెత్తి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని రొమ్ము అందించేది. కొంగుకూ కారమే. పిల్ల నోరు పెట్టేది, కెవ్వుమనేది. మరునాటికి రొమ్ము చూస్తేనే ఏడ్చింది. చక్కెరనీళ్లు పోశారు. జ్వరం వచ్చింది. అప్పటి మేస్త్రీ ఒక బిళ్ల ఇచ్చాడు. పిల్లను ఆ చేను గట్టునే పూడ్చిపెట్టి వచ్చారు. ఆ చేను ఎవరిదో, ఏ ఊరో ఇప్పుడు మద్దమ్మకు గుర్తులేదు. పిల్ల మొహం తిప్పుకున్న వైపు మాత్రం గుర్తుంది. ఎడమవైపు.

తర్వాత ఎన్నో ఏళ్లకు పొదుపు సంఘం ఆడవాళ్లను ఆదోని పిలిపించి సబ్బుల పని నేర్పారు. కానుగ నూనె, ఆముదం, కాస్టిక్. నేర్చుకున్నవాళ్లు కొన్నాళ్లు చేసి మానేశారు. నల్లగా ఉండే సబ్బు, కానుగ వాసన, ఎవరు కొంటారు? మద్దమ్మ మానలేదు. ఆముదం ఇంకొంచెం ఎక్కువ పోసింది. ఇంకొంచెం. కడుక్కున్నాక చేతికి జిడ్డు మిగిలే దాకా పోసింది. ఆ సబ్బుకు కారం లొంగింది. అమ్మలేదు. సుగ్గికి పోయే ప్రతి ఇంటికీ ఒకటి ఇచ్చింది. కొబ్బరిచిప్పల్లో పోసి ఆరబెడుతుంది కాబట్టి సగం గుండ్రంగా, అరచేతిలో కుదురుకుంటుంది. ఊళ్లో దాన్ని సుగ్గి సబ్బు అంటారు. బదులుగా ఆమె అడిగేది ఒకటే. తిరిగి వచ్చినాక అరిగిపోయిన ముక్క తెచ్చి ఇవ్వాలి.

పాత ముక్క తోడు లేకుండా కొత్త సబ్బు గట్టిపడదని ఆమె నమ్మకం, పాలకు పెరుగు తోడు పెట్టినట్టు. అందుకే ప్రతిసారీ ఒక ముక్కను కరిగించకుండా దాస్తుంది. దూలానికి వేలాడే ఉట్టిలో పెడుతుంది. ఉట్టిలో పెరుగు పెట్టుకునేంత పాడి ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. కింద పెడితే ఎలుకలు తింటాయి, వాటికి సబ్బంటే ప్రాణం.

కొత్తగా సబ్బు చేయాలంటే నెల ముందే చేయాలి. నెల ఆరనిదే కాస్టిక్ చావదు, చేతుల్ని తినేస్తుంది. ఆ నెలంతా మద్దమ్మ ఆయాసంతో మంచం మీద ఉంది. గుండె వాచిందన్నాడు ఆదోని డాక్టరు, పొయ్యి దగ్గరికి పోవద్దన్నాడు. ఇప్పుడు మిగిలిన దారి పాత ముక్కలే. వాటిలో కాస్టిక్ ఎప్పుడో చచ్చింది. కరిగించి పోసి ఆరనిస్తే వెంటనే వాడుకోవచ్చు. అందుకే నిన్న సాయంత్రం ఇంటింటికీ కబురు పంపింది. అరిగినవి, విరిగినవి, స్నానాలబండ సందులో ఇరుక్కున్నవి, ఏవి ఉంటే అవి.

ముక్కను చేతిలోకి తీసుకుంటే అది ఏ ఇంటిదో ఆమెకు తెలిసిపోతుంది. నడుమ గుంత పడింది రాహేలమ్మది. పత్తి జిన్నింగు మిల్లులో వేళ్లు పోయాక ఆమె బొటనవేలితోనే సబ్బు రుద్దుకుంటుంది. చిల్లు చేసి దారం కట్టింది స్వర్ణలతది, సుగ్గిలో గుడిసె గుంజకు వేలాడదీసుకునేది. అంచున పంటిగాట్లు ఉన్నది సుంకులమ్మ ఇంటిది. ఆ ఇంట్లో పిల్లలు ఏది దొరికితే అది కొరుకుతారు.

"అత్తా, ఇంగ సాలు లే." నాగలత లోపల బియ్యం, జొన్నపిండి మూటలు కడుతూ అరిచింది. "అంగట్లో సబ్బు తెచ్చుకుంటాం. ఊపిరాడక సస్తావు."

"నేను సస్తే సస్తా. పిల్లకు పాలెట్ల ఇస్తావో అది చెప్పు."

"డబ్బా పాలు పోస్తా."

"పోస్తావు, పోస్తావు. ఆడ నీళ్లు యాడివి? పురుగుమందు కలిపే డ్రమ్ములో ముంచుకొస్తావా?"

నాగలత మూట ముడి గట్టిగా బిగించింది. పోయిన సుగ్గిలో ఆమె కడుపుతో ఉంది. పిల్లతో పోవడం ఇదే మొదలు. సిద్దమ్మ సంగతి ఊళ్లో అందరికీ తెలిసినట్టే ఆమెకూ తెలుసు. అత్త నోట మాత్రం ఎప్పుడూ వినలేదు.

వెంకటలక్ష్మమ్మ గడప పట్టుకుని లోపలికి వచ్చింది. పక్కింటి ముసలామె, మద్దమ్మ కంటే పెద్దది. ఈమధ్యనే మొగుడు పోయాడు. సుగ్గికి పోయే వయసు దాటిపోయింది. కొంగు విప్పి ముక్కలు చీర మీద పోసింది.

"ఇంద మద్దీ. మా ఇంట్లో ఉండేటివి ఇవే."

మద్దమ్మ ఒక్కొక్కటి తీసుకుని చూసింది. ఒక ముక్క దగ్గర చెయ్యి ఆగింది. పెద్దగా అరగలేదు. అంచున తెల్లవెంట్రుక అంటుకుని ఉంది.

"ఇదేందక్కా, ఇట్లనే ఉండాది? అరగనే లేదు?"

వెంకటలక్ష్మమ్మ గడపవైపు చూసింది. "అది మాయనకు నీళ్లు పోసిన నాటిది."

పోయినవాళ్లకు కడసారి స్నానం చేయించిన సబ్బు తిరిగి ఇల్లు చేరకూడదు. పాడెతో పోవాలి, లేకపోతే ఊరి బయట పారేయాలి. ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

"నీకు మతి ఉండాదా అక్కా? పీనుగు సబ్బు నా గిన్నెలో ఏస్తావా? పాలిచ్చేదానికి ఇస్తాండా నేను దీన్ని!"

"పారేయబుద్ధి కాలేదు మే." ముసలామె గొంతు పెంచలేదు. "ఏటేటా పోయేటోడు గదా. బండి వస్తాంటే కాళ్లు నిలిచేటివి కావు. ఈ ఏడు గూడా ఊరోళ్లతో పాటు పోనీలే అనుకుంటి."

"ఇంగ ఏ సుగ్గికీ పోడులే. బతికిపోయినాడు."

మద్దమ్మ ఆ ముక్కను తిరిగి ఆమె చేతిలో పెట్టి వేళ్లు మూసింది. "గూట్లో పెట్టుకుంటావో, ఏం చేసుకుంటావో. నా గిన్నెలోకి మాత్రం రాదు."

వెంకటలక్ష్మమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది. అలిగి పోలేదు. కత్తి తీసుకుని ఎదురుగా కూర్చుని మిగతా ముక్కలు గీకడం మొదలుపెట్టింది.

తరిగిందంతా సత్తుగిన్నెలోకి ఎత్తారు. ఇంటి వెనక పొయ్యి. పెద్ద బానలో నీళ్లు కాగబెట్టి, సత్తుగిన్నెను ఆ నీళ్లలో సగం దాకా దింపింది మద్దమ్మ. తరుగు మీద నీళ్లు చేత్తో చిలకరించింది, అంతే. తడి గోనె కప్పింది. ఆ వేడికి తరుగు చెమర్చి, మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుని, మెల్లగా లొంగుతుంది. తొందర పడితే లొంగదు. అప్పుడప్పుడు గోనె తీసి తెడ్డుతో తిప్పాలి. గ్యాసు మీద ఇంతసేపు పెట్టడం కుదరదు. పత్తికట్టె అయితే ఊళ్లో ఎంతైనా ఉంది. ఈ ఏడు పత్తి ఇచ్చింది కట్టె ఒక్కటే. అది భగ్గున మండి, ఆరి, పొగ వదులుతుంది.

మద్దమ్మ దగ్గసాగింది. నాగలత పిల్లనెత్తుకుని వెనక్కి వచ్చింది. "పొగలోంచి లే అత్తా. పిల్లను పట్టుకో. నేను తిప్పుతా."

మద్దమ్మ లేచింది. ఎట్లా తిప్పాలో చెప్పలేదు. తెడ్డు తిప్పడం ఆడదానికి నేర్పాలా? శివలీలను చంకనేసుకుని, కొబ్బరిచిప్పలు కడగడానికి ముందువైపు పోయింది.

నాగలత గోనె తీసింది. గిన్నెలో గోధుమరంగు ముద్ద. తెడ్డు వేస్తే తెడ్డుకే పట్టుకుని లేస్తోంది. అడుగున ఉండలు. ఆమె చిన్నప్పటినుంచి తిప్పింది సంకటి. సంకటి ఉండలు కడితే ఏం చేయాలో బుర్ర చెప్పక్కర్లేదు, చేతికి తెలుసు. కుడిచేత్తో తెడ్డు తిప్పుతూనే ఎడమచేయి చెంబుతో బానలో మరిగే నీళ్లు ముంచింది, పోసింది. ముద్ద సడలింది. ఇంకో చెంబు పోసింది. ఎంత నున్నగా తిరుగుతోందో! బాగా అయిందని సంతోషపడింది కూడా.

మద్దమ్మ వచ్చి తెడ్డు పైకెత్తి చూసింది. అంబలిలా కారింది.

"నీళ్లు పోసినావా?"

"గట్టిగ అయిపోయింటే... ఉండలు ఉండలుగా ఉంటే..."

"సంకటి అనుకుంటివా మే?"

నాగలత మొహం తెల్లబోయింది. వెంకటలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆగలేకపోయింది. "ఊరుబిండి నూరు మద్దీ! నీ కోడలు సబ్బు సంకటి కెలికినాది, నంజుకోను ఏమన్నా ఉండాల గదా!"

మద్దమ్మ కూడా నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమయింది. గోడ పట్టుకుని చాలాసేపు నిలబడింది. నవ్వు మొహం మీద అట్లాగే మిగిలిపోయింది, లోపల గాలి మాత్రం దొరకలేదు.

ఆ నీళ్లతో పోస్తే వారమైనా గట్టిపడదు. మూటలో పెడితే గుజ్జయి, జొన్నపిండికి అంటుకుని పోతుంది. చేయగలిగింది ఒకటే. బాన దించేసి, గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టి, సన్నమంట మీద ఆ నీళ్లు ఇగిరేదాకా తిప్పాలి. తెడ్డు ఒక్క క్షణం ఆగినా అడుగంటుతుంది. అడుగంటిన సబ్బు గరుకు, చర్మాన్ని గీస్తుంది.

"నేను కూకుంటా అత్తా. నేను చేసిన తప్పు."

"నీకు మంట చూసుకోను రాదు. మూటలు కట్టుకో పో."

మద్దమ్మ పొయ్యి ముందు కూర్చుంది. కుడిచేత్తో తెడ్డు, ఎడమచేత్తో కట్టె. ఒక పుల్ల వేస్తే భగ్గుమంటుంది, లాగేస్తే పొగ వస్తుంది. మంటకూ పొగకూ మధ్య సన్నటి జాగా ఉంది, అక్కడ నిలబెట్టాలి. గిన్నెలో బుడగలు లేచి పగులుతున్నాయి. కానుగ చేదువాసన పెరడంతా పరుచుకుంది. పొగ గాలివాటున అటు పోయినట్టే పోయి ఆమె మొహం మీదికే తిరిగి వస్తోంది. చీర చెంగు తడిపి ముక్కుకు కట్టుకుంది. తడి బట్టలోంచి గాలి లాగడం ఇంకా కష్టమైంది, పీకి పారేసింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. పెదవులు నల్లబడ్డాయి. తెడ్డు మాత్రం ఆగలేదు. గిన్నె అడుగును ఒరుసుకుంటూ, ఒకే వరసలో, ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు తిరిగింది.

ఇట్లాంటివాళ్ల గురించి ఎవరూ ఏమీ చెప్పుకోరు. ఊరు వలస పోతే లెక్క కట్టడానికి వస్తారు, ఫొటోలు తీసుకుంటారు, సభ పెట్టి మాట్లాడతారు. మిగిలిపోయిన ముసలిది పొయ్యి ముందు ఏం చేస్తోందని ఎవడడిగాడు?

చిన్న ఈరన్న మేస్త్రీ దగ్గరి నుంచి వచ్చాడు. తల్లిని చూసి, చెప్పులతోనే పెరట్లోకి వచ్చి తెడ్డు పట్టుకున్నాడు.

"లే మా. సబ్బు లేకుంటే పోనీ. ఊరంతా నీ సబ్బుతోనే బతుకుతాండాదా?"

"ఇడువురా. అంటుకుంటాది."

"డాక్టరు ఏం చెప్పినాడు నీకు?"

"డాక్టరు సుగ్గికి పోతాండాడా?" ఆమె తెడ్డు లాక్కుంది. కాసేపు తిప్పాక, గిన్నెలోకే చూస్తూ అంది. "ఒగసారి చూసినా ఈరన్నా. రెండోసారి చూడను."

ఆ మాట ఆమె ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. గుమ్మం దగ్గర మూట కడుతున్న నాగలత చేతులు ఆగిపోయాయి. ఈరన్న పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, తల్లి చేతిలోంచి పుల్లలు తీసుకుని, ఆమె చెప్పినట్టు ఒక్కొక్కటే వేశాడు.

పొద్దు నడినెత్తి దాటాక తెడ్డు కొస నుంచి కారడం ఆగింది. జారి, వేలాడి, తెగి పడింది. మద్దమ్మ తల ఊపింది.

"ఉట్టిలో ముక్క తే మే."

నాగలత పీట వేసుకుని ఉట్టిలోంచి తోడుముక్క తీసుకొచ్చింది. అరచేతిలో అరిగి అరిగి పల్చగా, నడుమ లోతుగా ఉంది. మద్దమ్మ గోటితో దాని అంచు గీకి గిన్నెలో రాల్చి కలిపింది. మిగిలిన ముక్కను కోడలి చేతిలో పెట్టింది. "ఉన్నకాడే పెట్టెయ్ పో. ఇది పోగొడితే మళ్లీ ఏడు సబ్బు కట్టదు."

చిప్పలన్నీ గోడ నీడలో బూడిద మీద ఊగకుండా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కదానిలో గరిటెతో పోసి, అడుగు తట్టి, పైన వేలు తడిచేసి నునుపు చేసింది. రాత్రికి పైపొర కడుతుంది, చలిగాలికి తెల్లారేసరికి లోపల కూడా గట్టిపడుతుంది. చిప్పలతోనే బండి ఎక్కించుకుని పోవచ్చు.

చివర ఇంకొక పని ఉంది, ఏనాడూ మానలేదు. ఒక ఎండుమిరపకాయ తుంచి, గింజలతో సహా అరచేతుల్లో నలిపింది. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద రుద్దుకుంది. గిన్నె అడుగున మిగిలిన మడ్డి తీసుకుని చేతులు కడుక్కుంది. కడిగాక, చూపుడువేలు కంటి కొసలో పెట్టుకుంది. నాలుక మీద పెట్టుకోదు. నాలుకకు కారం అలవాటే, అబద్ధం చెబుతుంది. కంటికి అబద్ధం రాదు.

"మంట ఉండాదా అత్తా?" నాగలత ఆత్రంగా అడిగింది. పోసిన నీళ్లు ఇంకా ఆమె గుండెల మీదే ఉన్నాయి. "సంకటి వాసన వస్తాండాదా?"

"ఉండు. చూస్తాండా."

మద్దమ్మ వెనక్కి జరిగి గోడకు చేరబడింది. కళ్లు మూసుకుంది. చేతులు ఒళ్లో, అరచేతులు పైకి. పొయ్యిలో చివరి కట్టె చిటపటమని ఆరింది. నాగలత జవాబు కోసం నిలబడింది. లోపల పిల్ల ఏడ్చింది. పోయి పాలిచ్చింది, పడుకోబెట్టింది, మూటలు గడప దగ్గరికి చేర్చింది.

బండి హారను వీధి మొదట్లో వినిపించింది. ఈరన్న మూటలు భుజాన వేసుకున్నాడు. నాగలత పెరట్లోకి వచ్చి, "అత్తా, బండి వచ్చె. చిప్పలు ఎత్తుకుంటాండా," అంది. మద్దమ్మ కదల్లేదు. పిల్లి గురక లేదు. నాగలత దగ్గరికి పోయి భుజం తట్టింది. తల పక్కకు వాలింది. కంటికొసలో ఒక చుక్క నీళ్లు నిలిచి ఉంది. మంట పుట్టి వచ్చిందో, పొగకు వచ్చిందో, ఊరికే వచ్చిందో చెప్పేవాళ్లు లేరు.

"అత్తా... మంట ఉండిందా?" అని మళ్లీ అడిగింది నాగలత. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

వీధిలో హారను ఇంకోసారి మోగింది.

ఎండ ఉండగానే నీళ్లు పోశారు. వెంకటలక్ష్మమ్మే ముందుండి చేయించింది. రాహేలమ్మ, సుంకులమ్మ చీరలు అడ్డం పట్టారు. బానలో నీళ్లు పొద్దున కాగినవే, ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి.

"సబ్బు తెండే," అంది వెంకటలక్ష్మమ్మ.

చిప్పల్లోది ముట్టుకుంటే ఇంకా వేలు దిగుతోంది. ఊళ్లో ఉన్న ముక్కలన్నీ ఆ చిప్పల్లోనే ఉన్నాయి. నాగలత పీట వేసుకుని ఉట్టిలో చెయ్యి పెట్టింది.

తోడుముక్కతోనే మద్దమ్మకు ఒళ్లు రుద్దారు. మోచేతుల మచ్చల మీద, పొగకు నల్లబడిన మెడ మీద, తలలో. అరచేతులు రుద్దేటప్పుడు నాగలత ఇంకెవరినీ రానివ్వలేదు. వేళ్ల సందుల్లో ఒక మిరపగింజ ఉంది. తీసి, కడిగింది.

అయిపోయాక వెంకటలక్ష్మమ్మ ఆ ముక్కను పాడె మీద పెట్టబోయింది. నాగలత చెయ్యి చాపింది.

"ఇంట్లోకి రాకూడదు మే. పొద్దున మీ అత్త నన్ను ఏమనిందో విన్యావు గదా."

"వింటి."

చాపిన చెయ్యి వెనక్కి పోలేదు. ముసలామె కోడలి మొహం చూసింది. తన కొంగున ఉన్న ముడిని ఒకసారి తడుముకుంది. తోడుముక్కను నాగలత చేతిలో పెట్టి, మళ్లీ పాడెవైపు తిరిగింది.

చావు కోసం మేస్త్రీ తెల్లారేదాకా బండి ఆపాడు. అంతకంటే ఆపలేనన్నాడు. ఆపితే చేనుగలవాళ్లు ఇంకో ముఠాను దింపుతారన్నాడు. అబద్ధం కాదు. మూడోనాడు సమాధి దగ్గర పోయాల్సిన పాలు మరునాడు తెల్లవారుజామునే పోశారు. సుగ్గికి పోయేవాళ్లకు అట్లా చెల్లుతుందని ఊరి పెద్దలు ఎప్పుడో ఒప్పుకున్నారు. కరువు శాస్త్రాన్ని కూడా కురచ చేసింది. ఈరన్న చిన్న గిన్నెతో పాలు వంచి, గుండు గీయించుకుని, తల మీద కండువా చుట్టుకుని వచ్చి మూటలు బండిలో వేశాడు.

చిప్పలు బోర్లించి తడితే సబ్బులు ఊడి వచ్చాయి. గట్టిగానే ఉన్నాయి. ఆడవాళ్లు వచ్చి ఎవరిది వాళ్లు తీసుకున్నారు. రాహేలమ్మ బొటనవేలితో ఒకసారి నిమిరి, కొంగులో చుట్టుకుని బండి ఎక్కింది.

నాగలత గడప మీద కూర్చుంది. ఎండుమిరపకాయ తుంచి, రెండు చేతుల్లోనూ నలిపింది. గింజలు రాలేదాకా, అరచేతులు ఎర్రబడేదాకా, మంట మణికట్టు ఎక్కేదాకా నలిపింది. చెంబు నీళ్లు, కొత్త సబ్బు. కడుక్కుంది. జిడ్డు మిగిలింది. వేలు కంట్లో పెట్టుకోలేదు. పిల్లను ఒళ్లోకి తీసుకుని, ఆ చేత్తోనే రొమ్ము పట్టి నోటికి అందించింది.

"ఏమ్మా నాగలతా, రా. ఇంగెంతసేపు?" మేస్త్రీ బండిలోంచి అరిచాడు.

"ఉండప్పా!" ఆ గొంతు ఆమెది కాదు, అత్తది.

పిల్ల నోరు తెరిచింది. నాగలత ఆ చిన్న తల ఎడమవైపు తిరుగుతుందేమోనని చూసింది. తిరగలేదు. శివలీల రొమ్ము పట్టుకుని, కళ్లు మూసుకుని, గుటకలు వేసింది. నాగలత తల వంచి పిల్ల నెత్తి మీద మొహం ఆనించింది. భుజాలు కదిలాయి. కాసేపటికి లేచింది.

లోపలికి పోయి, పీట ఎక్కి, దిగి వచ్చింది. ఈరన్న తాళం వేశాడు. తాళంచెవి వెంకటలక్ష్మమ్మ చేతికిచ్చాడు. బండి దుమ్ము లేపుకుంటూ కోసిగి దారి పట్టింది. దుమ్ము అణిగేదాకా ముసలామె ఆ గడప దగ్గరే నిలబడింది.

లోపల చీకట్లో ఉట్టి కొంచెంసేపు ఊగి ఆగింది. అందులో అరచేతి గుంత పడిన తోడుముక్క, తడి ఇంకా పూర్తిగా ఆరక, అంచున ఒక తెల్లవెంట్రుకతో.